గోడ మీద నోటీసు, గడువు 15 రోజులు

ఇంటి ముందరి మెట్లు వీధిలోకి రెండడుగులు వచ్చాయనో, అనుమతి లేకుండా పైఅంతస్తు వేశారనో, ప్రహరీ గోడ వాగు పోరంబోకులో పడిందనో ఒక ఉదయం స్థానిక సంస్థ సిబ్బంది వచ్చి తలుపు పక్కన ఒక కాగితం అంటించి వెళతారు. బళ్లారి ప్రాంతంలో అది కన్నడంలో ఉంటుంది. హోసూరు, తిరుత్తణి వైపు తమిళంలో, రాయగడ, పర్లాకిమిడి వైపు ఒడియాలో, షోలాపూర్‌లో మరాఠీలో ఉంటుంది. ఇంటి పెద్ద తెలుగు మాత్రమే చదవగలిగినవాడైతే ఆ కాగితం అతనికి ఒక ముద్ర, ఒక సంతకం, రెండు మూడు అంకెలు మాత్రమే. బడికి వెళ్లే మనుమరాలు అక్షరాలు కూడబలుక్కుని వినిపించినా అందులోని రెవెన్యూ పదాలు ఆమెకూ అందవు. తెలిసినవారెవరో పట్నం నుంచి వచ్చి చదివి చెప్పేసరికి వారం పది రోజులు గడిచిపోతాయి.

స్థల నిబంధనల ఉల్లంఘన అనేది ఊరూరా ఉన్న వ్యవహారమే. దానిపై చర్యలు తీసుకునే అధికారం పంచాయతీలకు, పురపాలక సంఘాలకు, తహసీల్దార్లకు ఎప్పటి నుంచో ఉంది. అయితే ఇటువంటి కేసులలో కుటుంబం ఇల్లు నిలబెట్టుకుంటుందా, పోగొట్టుకుంటుందా అన్నది ఉల్లంఘన ఎన్ని అడుగులన్న దానిపైనే ఆధారపడి లేదు. నోటీసు అందిన తరువాతి 15 రోజులలో ఏమి జరిగిందన్న దానిపైనా ఆధారపడి ఉంది. సుప్రీంకోర్టు 2024లో ఇచ్చిన తీర్పు తరువాత ఆ 15 రోజుల విలువ మరింత పెరిగింది. సరిహద్దు తెలుగు కుటుంబాలు తరచుగా నష్టపోతున్నది కూడా ఆ రోజులనే.

మూడు వేర్వేరు తప్పులు

పల్లెలలో ‘ఆక్రమణ’ అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు విషయాలను కలిపి మాట్లాడటం అలవాటు. చట్టం దృష్టిలో ఈ మూడింటికీ మార్గాలు వేరు, ఫలితాలు వేరు.

మొదటిది, సొంత స్థలంలోనే నిబంధన తప్పి కట్టడం. ప్లాను మంజూరు లేకపోవడం, మంజూరైన ప్లానుకు మించి అంతస్తులు వేయడం, చుట్టూ వదలవలసిన ఖాళీ జాగా వదలకపోవడం, నివాసమని చెప్పి దుకాణాలో గోదామో నడపడం ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ భూమి హక్కు గురించి వివాదం లేదు. కట్టిన తీరు గురించే వివాదం. వీటిలో కొన్నింటిని రుసుముతో సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది.

రెండవది, ప్రజల భూమిలో కట్టడం. వీధి, బండ్లబాట, చెరువు శిఖం, వాగు, శ్మశానం, మేతబీడు వంటివి ఈ కోవలోవి. ఇక్కడ ఇల్లు ఎంత చక్కగా కట్టినా, పన్ను ఎన్నేళ్లుగా చెల్లిస్తున్నా హక్కు పుట్టదు. పంచాయతీ పన్ను రసీదు గానీ, కరెంటు బిల్లు గానీ యాజమాన్య పత్రం కాదన్న సంగతి చాలా కుటుంబాలకు నోటీసు వచ్చిన తరువాతనే తెలుస్తోంది.

మూడవది, పొరుగువారి స్థలంలోకి జరగడం. గోడ జానెడు అవతలికి వెళ్లింది, చూరు నీళ్లు పక్కింటి పెరట్లో పడుతున్నాయి, గాలీ వెలుతురూ అడ్డుకున్నారు అనే తగవులు ఇటువంటివి. ఇవి ప్రధానంగా సివిల్ కోర్టు పరిధిలోనివి. పంచాయతీ కార్యాలయం ప్లాను ఉల్లంఘనను పరిశీలించగలదు గానీ ఇద్దరు పట్టాదారుల మధ్య హద్దును తీర్పు రూపంలో నిర్ణయించలేదు. ప్రైవేటు స్థలం స్వాధీనం కోసం దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం 12 సంవత్సరాల గడువు పెట్టింది. ప్రభుత్వ భూమి విషయంలో ఆ గడువు 30 సంవత్సరాలు. పంచాయతీకి అర్జీలు పెట్టుకుంటూ ఏళ్లు గడిపినవారు కోర్టు గడువు కూడా కరిగిపోతోందని గ్రహించరు.

నోటీసు చేతికి రాగానే తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఈ మూడింటిలో ఇది ఏది? దీనికి జవాబు తెలియకుండా రాసే సమాధానం ఏ కార్యాలయంలోనూ నిలవదు.

ఫిర్యాదుతో మేలుకొనే చట్టం

నిబంధనలు పుస్తకంలో అందరికీ సమానమే. అమలులో మాత్రం అవి ఎవరో ఒకరు కదిలించినప్పుడే కదులుతాయి. కర్ణాటకలో పంచాయతీ అభివృద్ధి అధికారి, తమిళనాడులో గ్రామ పాలనాధికారి, మహారాష్ట్రలో గ్రామ స్థాయి పంచాయతీ, రెవెన్యూ ఉద్యోగులు, ఒడిశాలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పన్నుల వసూలు నుంచి పింఛన్ల వరకు అనేక పనుల నడుమ ఉంటారు. వీధి వీధీ తిరిగి ప్రతి ఇంటి ప్లానునూ కొలిచి చూసే సిబ్బంది చిన్న స్థానిక సంస్థలలో ఉండరు. కనుక అమలు మూడు సందర్భాలలో మేలుకొంటుంది. పొరుగువారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినప్పుడు, రోడ్డు విస్తరణకో కాలువ పనికో స్థలం కావలసి వచ్చినప్పుడు, కోర్టు నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు.

దీనివల్ల ఒక వీధిలో పది ఇళ్ల మెట్లు రోడ్డు మీదికి వచ్చి ఉన్నా ఒక్క ఇంటికే నోటీసు వస్తుంది. ఆ ఇంటివారికి అది కక్షగా కనిపిస్తుంది. నిజంగానే కొన్నిచోట్ల నోటీసు వెనుక పాత పొలం గట్టు తగాదాయో, ఎన్నికలలో పడిన వైరమో ఉంటుంది. అయితే ‘పక్కవాడిది ఎందుకు కూల్చలేదు’ అన్న వాదన ఒక్కటే ఇల్లు కాపాడదు. ఒకరి ఉల్లంఘనను చూసీచూడనట్లు వదిలేశారన్నది మరొకరికి హక్కుగా మారదన్నది న్యాయస్థానాలు పదేపదే చెప్పిన సూత్రం. ఎంపిక చేసి వేధిస్తున్నారనుకుంటే వీధి మొత్తాన్నీ ఒకే కొలతతో కొలవాలని రాతపూర్వకంగా కోరడం సరైన మార్గం. ఆ కోరిక కార్యాలయ దస్త్రంలో నమోదైతే తరువాతి దశలలో ఉపయోగపడుతుంది.

ఫిర్యాదు చేసేవారి వైపు నుంచి చూసినా న్యాయం సులభంగా దొరకదు. పక్కింటివాడు కాలువ మీద గది కట్టినందున వానాకాలం తన ఇంట్లోకి నీరు వస్తున్న వృద్ధురాలు కార్యాలయం చుట్టూ తిరిగితే ‘మీరూ మీరూ కూర్చుని మాట్లాడుకోండి’ అన్న సలహాయే ఎక్కువగా ఎదురవుతుంది. పునాది దశలో ఆపవలసిన కట్టడాన్ని పైకప్పు పడ్డాక పరిశీలిస్తారు. అప్పటికి ‘ఇంత డబ్బు పెట్టిన తరువాత ఎలా కూలుస్తాం’ అన్న జాలి మొదలవుతుంది. నిదానమైన అమలు మంచివారికి మేలు చేయదు. ముందు కట్టేసినవానికే మేలు చేస్తుంది.

2024 నవంబరు తీర్పు

కొన్ని రాష్ట్రాలలో నేరారోపణలు ఎదుర్కొంటున్నవారి ఇళ్లను బుల్‌డోజర్లతో కూల్చిన ఉదంతాలపై దాఖలైన వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న తీర్పు వెలువరించింది. న్యాయమూర్తులు బి.ఆర్. గవాయ్, కె.వి. విశ్వనాథన్ ధర్మాసనం ఇచ్చిన మార్గదర్శకాలు దేశమంతటికీ వర్తిస్తాయి. ఉత్తరాది నగరాల నేపథ్యంలో వచ్చిన తీర్పే అయినా కోలారు జిల్లాలోని పల్లెకూ, గంజాం జిల్లాలోని పట్టణానికీ అదే నియమం.

ఆ తీర్పు ప్రకారం ముందుగా కారణం అడిగే నోటీసు ఇవ్వకుండా ఏ కట్టడాన్నీ కూల్చరాదు. సమాధానానికి స్థానిక చట్టం చెప్పిన గడువు గానీ, నోటీసు అందిన రోజు నుంచి 15 రోజులు గానీ, వీటిలో ఏది ఎక్కువైతే అంత సమయం ఇవ్వాలి. నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో రసీదుతో పంపాలి, కట్టడం బయటి గోడకూ అంటించాలి. వెనుకటి తేదీ వేశారన్న ఆరోపణకు తావు లేకుండా నోటీసు ఇచ్చిన వెంటనే కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్ ద్వారా తెలియజేయాలి. ఉల్లంఘన ఏమిటి, ఏ నిబంధన తప్పారు, విచారణ ఏ తేదీన ఏ అధికారి ఎదుట జరుగుతుంది అన్న వివరాలు నోటీసులోనే ఉండాలి.

విచారణలో యజమాని మాట వినాలి. తుది ఉత్తర్వులో ఆ వాదనను, దానికి అధికారి ఇచ్చిన జవాబును రాయాలి. ఆ ఉల్లంఘన రుసుముతో సరిదిద్దదగినదా కాదా, కొంత భాగమే తొలగిస్తే సరిపోదా, మొత్తం కూల్చడమే ఎందుకు తప్పనిసరి అన్నవి చెప్పాలి. ఉత్తర్వు అందిన తరువాత కూడా మరో 15 రోజులు ఆగాలి. ఆ వ్యవధిలో యజమాని అప్పీలుకు వెళ్లవచ్చు, లేదా తానే తొలగించుకోవచ్చు. కూల్చివేతను వీడియో తీయాలి, నివేదిక రాయాలి. ఈ నియమాలను అతిక్రమించిన అధికారులపై కోర్టు ధిక్కార చర్యలు ఉంటాయి. కూల్చిన కట్టడాన్ని తిరిగి నిలబెట్టే ఖర్చును సొంతంగా భరించవలసిన బాధ్యతా వారిపై పడుతుంది.

దీని అర్థం ఉల్లంఘనలకు కోర్టు రక్షణ కల్పించిందని కాదు. ఇల్లు కూల్చే ముందు వినాలని మాత్రమే చెప్పింది. బొంబాయి కాలిబాట నివాసుల కేసులో 1985లోనే సుప్రీంకోర్టు నోటీసు, విచారణ అవసరమని చెప్పి ఉంది. 2024 తీర్పు ఆ సూత్రాన్ని తేదీలతో, తపాలా రసీదులతో, అధికారుల బాధ్యతతో ముడివేసింది.

మినహాయింపు ఎక్కడ

ఈ తీర్పును సగమే విని ధీమా పడినవారు ఉన్నారు. రోడ్డు, వీధి, కాలిబాట, రైలు మార్గం పక్క, నది, చెరువు వంటి బహిరంగ స్థలాలలోని అనధికార కట్టడాలకు, కోర్టు స్వయంగా కూల్చివేతకు ఆదేశించిన కట్టడాలకు ఈ మార్గదర్శకాలు వర్తించవని అదే తీర్పు స్పష్టం చేసింది. పైన చెప్పిన రెండవ కోవ తప్పులలో చాలా భాగం ఈ మినహాయింపులోకి వస్తుంది.

అంతమాత్రాన అటువంటి కట్టడాలకు నోటీసే అక్కరలేదని కాదు. ఆయా రాష్ట్రాల సొంత చట్టాలు వర్తిస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు 1905 భూ ఆక్రమణ చట్టం నేటికీ తమిళనాడులోనూ, ఆంధ్ర ప్రాంతంలోనూ అమలులో ఉంది. 1960లో సరిహద్దు సర్దుబాటుతో తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారినా ఇరువైపులా ఆక్రమణదారుకు వర్తించే చట్టం మూలం ఒక్కటే. ఆ చట్టం 7వ సెక్షను కూడా తొలగింపునకు ముందు కారణం అడిగే నోటీసు ఇవ్వాలనే చెబుతుంది. చెరువుల కోసం తమిళనాడు 2007లో ప్రత్యేక చట్టం చేసింది. ఒడిశాలో 1972 నాటి భూ ఆక్రమణ నివారణ చట్టం ఉంది.

ఊరుమ్మడి భూముల విషయంలో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో మరింత కఠినంగా మాట్లాడింది. పంజాబ్‌లోని ఒక పల్లెలో చెరువును పూడ్చి ఇళ్లు కట్టినవారు, డబ్బు ఖర్చయిందన్న కారణంతో తమకే ఇప్పించమని కోరగా కోర్టు ఒప్పుకోలేదు. గ్రామ ఉమ్మడి భూముల నుంచి అక్రమ ఆక్రమణదారులను తొలగించే పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రభుత్వ ఉత్తర్వుతో ఇచ్చిన స్థలాలు, అప్పటికే బడి, ఆసుపత్రి వంటివి ఉన్న చోట్లు మాత్రమే మినహాయింపుగా పరిశీలించవచ్చని చెప్పింది.

ఈ తీర్పు వెనుక ఉన్న కారణం సరిహద్దు మెట్ట ప్రాంతాలవారికి వేరే చెప్పనక్కరలేదు. పావగడ, మడకశిర వంటి వర్షాభావ ప్రాంతాలలో చెరువు నిండిన ఏడాదే బోరులో నీరు ఉంటుంది. చెరువులోకి వచ్చే వంకను ఒక ఇల్లు మూసివేస్తే నష్టపోయేది కింది ఆయకట్టు అంతా. ఆ ఇంటివారి కష్టం కంటికి కనిపిస్తుంది. ఎండిన ఆయకట్టు కష్టం ఏ ఫిర్యాదులోనూ నమోదు కాదు. అమలు అధికారి తూకం వేయవలసింది ఈ రెంటినీ.

క్రమబద్ధీకరణ అనే ఆశ

నోటీసు వచ్చిన కుటుంబాలలో చాలామంది ‘ఇవాళ కాకపోతే రేపు ప్రభుత్వమే సరిచేస్తుంది’ అని ఎదురుచూస్తారు. ఆ ఆశకు కారణం ప్రభుత్వాలే.

కర్ణాటకలో ‘అక్రమ సక్రమ’గా పేరుపడిన పథకం నియమాలు 2014లో వచ్చాయి. 2013 అక్టోబరు 19 లోగా కట్టిన భవనాలలో నివాసాలకు 50 శాతం, ఇతర భవనాలకు 25 శాతం వరకు ఉల్లంఘనను రుసుముతో సరిచేస్తామన్నారు. హైకోర్టు 2016 డిసెంబరులో దానిని సమర్థించినా సుప్రీంకోర్టు 2017 జనవరిలో నిలుపుదల చేసింది. తమిళనాడులో మద్రాసు హైకోర్టు 2016 సెప్టెంబరులో అనుమతి లేని లేఅవుట్లలోని స్థలాల రిజిస్ట్రేషన్లను నిలిపివేసింది. దాంతో ప్రభుత్వం 2016 అక్టోబరు 20ని గడువు తేదీగా పెట్టి 2017లో క్రమబద్ధీకరణ నియమాలు తెచ్చింది. మహారాష్ట్రలో గుంటల లెక్కన ముక్కలు చేసి అమ్మిన స్థలాల కోసం 2001లో గుంఠేవారీ చట్టం వచ్చింది. ఒక గుంట 121 చదరపు గజాలు. మొదట 2001 జనవరి 1 వరకు ఉన్న గడువును 2021 సవరణతో 2020 డిసెంబరు 31కి జరిపారు. తెలంగాణలో 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒడిశా 2017 చట్టం ద్వారా పట్టణ మురికివాడల పేదలకు నివాస స్థలంపై హక్కు పత్రాలు ఇచ్చే మార్గం తెరిచింది.

వీటిలో ఒడిశా చట్టం స్వభావం వేరు. నిలువ నీడ లేనివారికి హక్కు కల్పించడం ఒకటి, నిబంధన తప్పినవారి దగ్గర రుసుము తీసుకోవడం మరొకటి. రెండవ తరహా పథకాలు ఒక తరానికి తప్పుడు పాఠం నేర్పాయి. ప్లాను తీసుకుని, నాలుగు వైపులా ఖాళీ వదిలి, ఒక గది తక్కువ కట్టుకున్నవాడు అమాయకుడిగా మిగిలాడు. నిబంధన తప్పినవాడు గడువు పొడిగింపుల వరకు ఆగి రుసుము కట్టాడు. పథకం కోర్టులో ఆగిపోయిన చోట రుసుము కట్టడానికి సిద్ధపడినవారూ ఎటూ కాకుండా పోయారు.

ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ కట్టడాల కేసులో 2024 డిసెంబరు 17న న్యాయమూర్తులు జె.బి. పార్దీవాలా, ఆర్. మహదేవన్ ఇచ్చిన తీర్పు ఈ ఆశకు గట్టి హద్దు గీసింది. ఎంత కాలం గడిచినా, ఎంత డబ్బు పెట్టినా, అధికారులు ఎంత నిర్లక్ష్యం వహించినా అక్రమం సక్రమం కాదని ఆ తీర్పు సారం. క్రమబద్ధీకరణ పథకాలను అరుదైన పరిస్థితులలో, సమగ్ర సర్వే తరువాత, నివాస గృహాలకు ఒకేసారి చర్యగా మాత్రమే తేవాలని కోర్టు పేర్కొంది. భవనం పూర్తి ధ్రువపత్రం చూసిన తరువాతనే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు రుణాలు ఇచ్చే ముందు ఆ పత్రాన్ని సరిచూడాలని, తప్పుడు అనుమతులిచ్చిన అధికారులపై శాఖాపరమైన చర్యలు తీసుకోవాలని ఆదేశించింది. కొత్తగా ఇల్లు తలపెట్టిన కుటుంబానికి దీని అర్థం సూటిగా ఉంది. రేపటి పథకాన్ని నమ్మి ఈనాడు పునాది తీయకూడదు.

భాష అనే అడ్డుగోడ

సరిహద్దు కుటుంబాల కష్టం ఇక్కడ మరొక మలుపు తిరుగుతుంది. 1936లో గంజాం, కోరాపుట్ ప్రాంతాలు ఒడిశాలోకి, 1953లో బళ్లారి మైసూరులోకి, 1956లో రాయచూరు అదే రాష్ట్రంలోకి వెళ్లాయి. తాతల నాటి దస్తావేజు తెలుగులోనో ఉర్దూలోనో ఉంటే, నేటి ఖాతా, పట్టా, సర్వే పటం ఆయా రాష్ట్ర భాషలలో ఉంటాయి. పేరు ఒక కాగితంలో ఒక తీరుగా, మరొక కాగితంలో మరొక తీరుగా పడుతుంది. ఇంటిపేరు ముందుండవలసింది వెనుకకు పోతుంది, లేదా తండ్రి పేరు దాని స్థానంలో చేరుతుంది. విచారణ రోజున ‘ఈ కాగితంలోని వ్యక్తీ మీరూ ఒకరేనా’ అన్న ప్రశ్నకే సగం సమయం గడిచిపోతుంది.

నోటీసు రాష్ట్ర అధికార భాషలో రావడం చట్టవిరుద్ధం కాదు. ఆ భాష నేర్చుకోవడం ఆ నేలపై బతికే కుటుంబానికి మేలు కూడా. కానీ జవాబు ఆ భాషలోనే ఇవ్వాలన్న నిర్బంధం లేదన్న సంగతి చాలామందికి తెలియదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ప్రతి వ్యక్తీ తన ఫిర్యాదు పరిష్కారం కోసం కేంద్ర లేదా రాష్ట్ర అధికారికి ఆ కేంద్రంలో లేదా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం సమర్పించవచ్చు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో తెలుగు వాడుకలో ఉన్న భాషే. కనుక తెలుగులో రాసిన విన్నపాన్ని భాష కారణంగా తిరస్కరించడానికి వీలులేదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద పెట్టే దరఖాస్తు మాత్రం ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలి. విన్నపం తెలుగులో పెట్టవచ్చు గానీ, కొలతల నకలు అడిగే సమాచార దరఖాస్తు ఆ మూడు భాషలలో ఒకదానిలో రాయించుకోవాలి. రాయలేనివారు నోటితో చెబితే రాసిపెట్టే సహాయం సమాచార అధికారి చేయాలని అదే చట్టం చెబుతోంది.

భాషా అల్పసంఖ్యాకుల రక్షణ కోసం కేంద్రం, రాష్ట్రాలు అంగీకరించిన పథకంలో మరో అంశం ఉంది. జిల్లా లేదా అంతకు దిగువ స్థాయిలో జనాభాలో కనీసం 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలను, నోటీసులను అనువదించి ప్రకటించాలి. ఇది చట్టం కాదు, ప్రభుత్వాల అంగీకారం. అందువల్లనే అమలు బలహీనంగా ఉంది. రాజ్యాంగం 350-బి అధికరణం కింద నియమితుడయ్యే భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు దీనిపై ఫిర్యాదు చేయవచ్చు. పుదుచ్చేరి 1965 అధికార భాషా చట్టం యానాంలో తెలుగు వాడకానికి వీలు కల్పించింది. సరిహద్దుకు అవతల ఉన్న తెలుగువారిలో ఈ సౌకర్యం చట్టంలోనే ఉన్నవారు యానాం వాసులు.

స్థానిక సంస్థ అదనంగా మరో భాష వాడితే రాష్ట్ర భాషకు అపచారమన్న వాదన కొన్నిచోట్ల వినిపిస్తుంది. మహారాష్ట్రలోని పాతూరు పురపాలక సంఘం నామఫలకంపై మరాఠీతో పాటు ఉర్దూ ఉండటాన్ని సవాలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 15న ఈ వాదనను తోసిపుచ్చింది. స్థానిక సంస్థ ఉన్నది స్థానికులకు సేవ చేయడానికేనని, వారికి అర్థమయ్యే భాషను అదనంగా వాడటంలో నిషేధం లేదని చెప్పింది. నామఫలకానికి ఒప్పు అయినది ఇంటి గోడ మీది నోటీసుకు తప్పు కాజాలదు.

కాగితం అందిన రోజున

కుటుంబం చేయవలసిన పనులు ఖర్చుతో కూడినవి కావు. నోటీసును ఫోటో తీసి, అందిన తేదీని, తెచ్చిన వ్యక్తి హోదాను రాసి ఉంచుకోవాలి. తపాలాలో వస్తే కవరును పారవేయకూడదు. తేదీ ముద్ర దానిపైనే ఉంటుంది. సంతకం పెట్టకుండా తిరస్కరిస్తే గడువు ఆగదు. తీసుకుని, తీసుకున్న తేదీ వేసి సంతకం చేయడమే మేలు.

రెండు మూడు రోజులలో దానిని చదివించి, తప్పు ఏ కోవకు చెందినదో తేల్చుకోవాలి. సమాధానం గడువులోగా రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద కార్యాలయం ముద్ర వేయించుకోవాలి. నోటితో చెప్పిన మాట, తెలిసిన నాయకుడి ఫోను ఏ దస్త్రంలోనూ ఉండవు. పూర్తి జవాబుకు పత్రాలు దొరకకపోతే, పత్రాలు తెప్పించుకుంటున్నామని, విచారణకు హాజరవుతామని, ఇరువైపుల వారి సమక్షంలో సర్వేయరుతో కొలిపించాలని ఒక చిన్న విన్నపమైనా ఇవ్వాలి. మౌనంగా ఉన్నవారి మీద ఉత్తర్వు రాయడం అధికారికి చాలా సులభం.

నిజంగా రెండడుగులు ముందుకు వచ్చి ఉంటే ఆ రెండడుగులు తామే తీసివేస్తామని రాసివ్వడం ఓటమి కాదు. మిగిలిన ఇంటిని కాపాడేది తరచూ ఆ అంగీకారమే. తామే తీసినప్పుడు కిటికీలు, తలుపులు, రేకులు చేతికి దక్కుతాయి. జేసీబీ వచ్చాక అవి దక్కవు.

పంచాయతీ చేయగలిగినది

స్థానిక సంస్థలు కూడా అమలును సులభం చేసుకోవచ్చు. గ్రామసభలో ఏడాదికి ఒకసారి వీధుల వెడల్పును, చెరువు, వంకల హద్దులను చదివి వినిపిస్తే ‘తెలియక కట్టాం’ అన్న మాటకు తావుండదు. పునాది దశలోనే ఒక్కసారి వెళ్లి కొలిస్తే పైకప్పు పడ్డాక కన్నీళ్లు చూడవలసిన అవసరం రాదు. తెలుగువారు ఎక్కువగా ఉన్న పల్లెలో నోటీసు వెనుక పుటలో నాలుగు తెలుగు వాక్యాలు అచ్చు వేయడానికి ప్రత్యేక నిధులు అక్కరలేదు. తప్పు ఏమిటి, ఎన్ని రోజులలో జవాబివ్వాలి, ఎవరి ఎదుట హాజరు కావాలి, ఎక్కడ అప్పీలు చేసుకోవాలి అన్నవి ఆ నాలుగు వాక్యాలు.

వీధి అందరిదీ, చెరువు అందరిదీ అన్న నియమాన్ని సరిహద్దు కుటుంబాలు కాదనడం లేదు. ఆ నియమం తమ ఇంటి గోడ వరకు వచ్చినప్పుడు అది ఏమి చెబుతోందో తెలుసుకునే వ్యవధి, జవాబు చెప్పుకునే చోటు కావాలన్నదే వారి కోరిక. ఆ వ్యవధి 15 రోజులని, ఆ చోటు విచారణ అని సుప్రీంకోర్టు చెప్పి ఉంది. సొంత స్థలంలో కట్టడంపై నోటీసు అందుకున్న ప్రతి ఇంటికీ ఆ తేదీలు వర్తిస్తాయి. వాటిని లెక్కపెట్టుకోవడం నోటీసు అందిన రోజునే మొదలు కావాలి.